ఎండాకాలమంతా దాచిన సెల్లు

వరంగల్
21-1-1985

సుందర్ రావు మామకు జయరాజు రాస్తున్నది.

ఆదివారం మీ ఇంటి నుంచి బయలుదేరేటప్పుడు ఒక పని చేశాను. చెబితే వద్దంటావని చెప్పలేదు. గోడ మీద అత్తమ్మ ఎండబెట్టిన సెల్లు తొమ్మిదింటినీ, బియ్యం డబ్బాలో దాచిన కొత్త సెల్లు రెండింటినీ సంచిలో వేసుకొచ్చాను. అత్తమ్మ ఈపాటికి సగం ఊరిని అడిగే ఉంటుంది. ఎవరినీ అనుమానించొద్దని చెప్పు. దొంగను నేనే.

మామా, నాకు ఎంత కోపం వచ్చిందో నీకు తెలియదు. నీ చెవి మిషనుకు పన్నెండు రోజులకో పెన్సిల్ సెల్లు. అది చచ్చిపోతే అత్తమ్మ దాన్ని వడియాల పక్కన ఎండలో పెడుతుంది. ఇంకో అరపూట పలుకుతుంది. మళ్ళీ చస్తుంది, మళ్ళీ ఎండకు. ఊళ్ళో టార్చిలైట్లకూ ఇదే సేవ. వాడి పారేయించడమే కంపెనీవాళ్ళ బతుకు. సెల్లు లోపలి నల్లపొడి పీల్చి ఫ్యాక్టరీలో పనివాళ్ళ ఊపిరితిత్తులు ఏమవుతాయో మా సంఘం కరపత్రంలో వచ్చింది. అది చదివాక సెల్లు చేత్తో పట్టుకోబుద్ధి కాలేదు.

అందుకని మీ ఊరి రైల్వే సారయ్య చేతికి ఒక తగరం డబ్బా ఇచ్చి పంపుతున్నాను. అందులో రెండు సెల్లు ఉన్నాయి. చూడటానికి మామూలు సెల్లులాగే ఉంటాయి కానీ ఇవి నికెల్ కాడ్మియంవి, మళ్ళీ మళ్ళీ చార్జి చేసుకోవచ్చు. ఐదు వందల సార్లు. ఒకటి మిషనులో పెట్టు, ఒకటి డబ్బాలో ఉంచు. అయిపోయినదాన్ని సోమవారం సారయ్య పట్టాల పని మీద కాజీపేటకు వచ్చేటప్పుడు ఇచ్చి పంపు. మీ ఊరి కరెంటును నమ్మి చార్జరు అక్కడ పెట్టలేం కాబట్టి, మా దుకాణంలో ఒక పూటా ఒక రాత్రీ పెట్టి తిరిగి పంపిస్తాను.

మా యజమాని సారంగపాణి చూసి నవ్వాడు. ముప్ఫై ఏళ్ళుగా రేడియోలు బాగుచేస్తున్నా ఆ మనిషికి కొత్త సంగతంటే గిట్టదు. గల్లా పక్కన మామూలు సెల్లు డబ్బాలు పేర్చుకున్నవాడు ఇంకేమంటాడు?

ఇక మామూలు సెల్లు కొననని నాకు మాట ఇవ్వు.

నీ బడిలో చదువుకున్న నీ మేనల్లుడు,
జయరాజు


నెక్కొండ
30-1-1985

చిరంజీవి జయరాజుకు ప్రభువు కాపుదల కోరుతూ మామ రాస్తున్నది. నువ్వు దేవుని పేరు లేకుండా ఉత్తరం మొదలుపెట్టడం ఇది మూడోసారి. అత్తమ్మకు చదివి వినిపించేటప్పుడు ఆ ముక్క నేనే కలిపి చదువుతున్నాను.

సెల్లు అందాయి. మిషను బాగానే పలుకుతోంది. గొంతు ఒక పిసరు తగ్గినట్టుంది కానీ మర కొద్దిగా తిప్పితే సరిపోయింది. అత్తమ్మ మాత్రం నీ మీద కోపంగా ఉంది. "దొంగతనం చేసి దొంగనని రాస్తే దొంగతనం పోతదా? వాడు నా పాత సెల్లు తెచ్చియ్యాలె" అంటోంది. ఎండలో పెట్టడానికి ఏమీ లేక ఆమెకు చేతులు ఆడటం లేదు. కొత్తవాటిని కూడా ఎండకు పెడతానంటే నేను ఆపాను.

నీకు మాట ఇస్తున్నాను, మామూలు సెల్లు కొనను. నువ్వు ఒక మంచి పని తలపెట్టినప్పుడు ఇంట్లోవాళ్ళమే కాళ్ళడ్డం పెట్టకూడదు.

రెండు సంగతులు అడుగుతాను. పాత సెల్లు పోయే ముందు నాకు నాలుగు రోజులు ముందే తెలిసేది. పిల్లల గొంతులు పలచబడేవి, పక్క గదిలోంచి వస్తున్నట్టు ఉండేవి. అప్పుడు కొత్తది తెచ్చిపెట్టుకునేవాణ్ణి. ఇవి కూడా అలా చెబుతాయా? రెండోది, డబ్బాలో పెట్టిన సెల్లు ఎన్నాళ్ళు ఆగుతుంది? బడిలో నాకు వినబడదన్న సంగతి నీకూ అత్తమ్మకూ తప్ప ఎవరికీ తెలియదు. మిషను చొక్కా కింద, తీగ కాలరు వెనక. పిల్లలకు తెలుసనుకుంటాను. వాళ్ళు చెప్పరు. ఇంకా రెండేళ్ళు నన్ను ఆ బడిలో ఉండనిస్తే చాలు. ఆ తర్వాత ప్రభువు చిత్తం.

ఆశీస్సులతో,
సుందర్ రావు


వరంగల్
6-2-1985

మామా,

ముందు రెండో ప్రశ్నకు జవాబు. డబ్బాలో సెల్లు ఎన్నాళ్ళైనా ఆగుతుంది. నువ్వు వాడితేనే ఖర్చు, వాడకపోతే నిండు నిండుగానే ఉంటుంది. నిండా చార్జి ఎక్కిన సెల్లు అంటే తాళం వేసిన పెట్టె అనుకో. మొదటి ప్రశ్నకు కూడా అదే జవాబు. దీనికి పలచబడే రోగం లేదు, చివరిదాకా ఒకే గొంతుతో పలుకుతుంది. నాలుగు రోజుల నీరసం, ముక్కడం, మూలగడం మామూలు సెల్లు గుణం. దాన్ని నువ్వు మంచితనం అనుకుంటున్నావు.

సారంగపాణి మాత్రం నిన్న ఏదో గొణిగాడు. "పెట్టెల పెట్టినా అవి ఆగయి పోరడా, కారిపోతయి" అన్నాడు. ఎక్కడ చదివావని అడిగాను. చదవలేదట, చూశాడట. చూసినవన్నీ నిజాలైతే సూర్యుడు భూమి చుట్టూ తిరగాలని అన్నాను. దుకాణంలో ఇద్దరు గిరాకీలు నవ్వారు. ఆయన ముఖం మాడ్చుకుని సోల్డరింగ్ పని చేసుకున్నాడు.

ఇంకో సంగతి మామా. చెవి వినబడకపోవడం నేరం కాదు. నువ్వు చొక్కా కింద దాచుకోవాల్సిన పనేముంది? బల్ల మీద పెట్టి, "నాకు వినబడదు, అయినా మీ అందరికన్నా బాగా చదువు చెబుతాను" అని చెప్పు. ఈ దాపరికమే నాకు నచ్చదు. నీకు కోపం వస్తే రానీ.

జయరాజు


నెక్కొండ
24-4-1985

చిరంజీవి జయరాజుకు,

నాకు కోపం రాలేదు. ఇరవై మూడేళ్ళకు అలాగే అనిపిస్తుంది.

నువ్వు చార్జి చేసి పంపిన సెల్లు రెండూ నిన్న సారయ్య ఇచ్చాడు. ఎప్పటిలాగే చేరాయి. ఈ మూడు నెలలూ ఇబ్బంది లేదు. అయితే అవి పోయినప్పుడు మాత్రం ఒక్కసారిగా పోతున్నాయి. మాట మధ్యలో తలుపు వేసినట్టు ఆగిపోతుంది. ఒకసారి లెక్క చెబుతుండగా అయింది. దగ్గు వచ్చినట్టు బయటికి వెళ్ళి, సెల్లు మార్చుకుని వచ్చాను. రెండోది ఎప్పుడూ నిండుగా ఉంటోంది కాబట్టి సరిపోయింది.

ఇప్పుడొక కష్టం వచ్చింది. ఊరి పెద్ద కిషన్ రావు మా బడి మీద అర్జీ పెట్టాడు. పంతులు చెవిటివాడు, పిల్లలు ఏం చదివినా తల ఊపుతాడు, వేరేవాణ్ణి వేయండి అని. వేయమనేది ఎవరినో నీకు తెలుసు, ఆయన బావమరిది కొడుకు టీచరు ట్రైనింగు అయి ఇంట్లో కూర్చున్నాడు. ఎండాకాలం సెలవుల తర్వాత బడి తెరవగానే డిప్యూటీ ఇన్‌స్పెక్టరు తనిఖీకి వస్తారట. ఆ ఒక్క పూట నేను బాగా వింటే అర్జీ చిరిగిపోతుంది. వినకపోతే నన్ను పంపించేస్తారు.

అందుకని ఒకటి నిశ్చయించుకున్నాను. ఈ రెండు సెల్లూ నిండుగా ఉన్నాయి. వీటిని ముట్టుకోను. సెలవులు యాభై రోజులూ మిషను పెట్టుకోను. తనిఖీ నాటికి రెండూ నిండుగా చేతిలో ఉండాలి. ఆ రోజుకు ముందు సారయ్యకు సెలవు దొరకలేదనో, మీ దగ్గర కరెంటు లేదనో ఇబ్బంది రాకూడదు. నువ్వు రాసిన తాళం వేసిన పెట్టె మాట నాకు ధైర్యంగా ఉంది.

సుందర్ రావు


వరంగల్
2-5-1985

మామా,

కిషన్ రావు సంగతి చదివి రక్తం ఉడికింది. వచ్చి ఆయన ఇంటి ముందు నిలబడి అడగాలనిపించింది. నువ్వు వద్దంటావని తెలిసి ఆగాను.

నీ నిర్ణయం నాకు గర్వంగా ఉంది. ఈ మాట మా వాళ్ళ సమావేశంలో కూడా చెప్పాను. ఒక పల్లెటూరి పంతులు ఒక ఆశయం కోసం యాభై రోజులు తన చెవిని మూసుకుంటున్నాడు, మీరు రెండు బీడీలు మానలేరా అని అడిగాను.

డబ్బా ఎత్తున పెట్టు, అత్తమ్మ చేతికి అందకుండా. ఎండకు పెడుతుందేమోనని నా భయమంతా అదొక్కటే.

జయరాజు


నెక్కొండ
28-5-1985

చిరంజీవి జయరాజుకు,

డబ్బా ఇంటి దూలం మీద, పెంకుల కింద పెట్టాను. అత్తమ్మకు అందదు. ఎండలు మండిపోతున్నాయి. మధ్యాహ్నం ఆ దూలం మీద చేయి పెడితే చుర్రుమంటోంది.

నేను బాగానే ఉన్నాను. మొదటి వారం ఇబ్బందయింది. ఇప్పుడు అలవాటయింది. అత్తమ్మకు అలవాటు కాలేదు. నీళ్ళు తోడమని నాలుగుసార్లు చెప్పి, ఐదోసారి చెంబు తెచ్చి నా ముందు పడేస్తుంది. మొన్న చెంబు పడేసి నిలబడి చాలాసేపు ఏదో అన్నది. పెదవులు చూసి కొంత పోల్చుకున్నాను. "ముప్పై ఏండ్లు కాపురం జేసినంక గోడతోటి మాట్లాడుతున్న" అన్నది. తర్వాత కూర్చుని ఏడ్చింది. డబ్బా దించుదామని నిచ్చెన దాకా వెళ్ళాను. ఆమే చెయ్యి పట్టుకుని ఆపింది.

ఆదివారం గుడిలో పాటలప్పుడు పక్కవాళ్ళ నోళ్ళు చూసి నోరు కదుపుతున్నాను. ప్రభువు నా గొంతు లెక్కపెట్టడనుకుంటాను.

నువ్వు సమావేశంలో నా సంగతి చెప్పకుండా ఉండాల్సింది. ఆశయం నీది. నాకున్నది బడి ఒక్కటే.

సుందర్ రావు


వరంగల్
5-6-1985

మామా,

క్షేమం. ఒక చిన్న మాట. ఈ సోమవారం సారయ్య వచ్చేటప్పుడు ఆ రెండు సెల్లూ ఒకసారి ఇచ్చి పంపు. మళ్ళీ ఇటునుంచి పంపిస్తాను. ప్రత్యేకంగా కారణమేమీ లేదు, ఊరికే ఒకసారి చూద్దామని.

ఇక్కడ ఉక్క చంపేస్తోంది. దుకాణంలో పని ఎక్కువగా ఉంది, అందుకే క్లుప్తంగా రాస్తున్నాను.

జయరాజు


నెక్కొండ
10-6-1985

చిరంజీవి జయరాజుకు,

నీ ఉత్తరం ఇంత చిన్నగా ఎప్పుడూ లేదు. అత్తమ్మ వెనకవైపు కూడా తిప్పి చూసింది.

ఎవరికో అవసరమై నువ్వు సెల్లు అడుగుతున్నావని నాకు అర్థమయింది. నువ్వు కారణం రాయలేదు కాబట్టి నేనూ అడగను. వేరే సమయమైతే వెంటనే పంపేవాణ్ణి. కానీ తనిఖీ ఈ నెల ఇరవయ్యో తేదీన, గురువారం. అందాకా ఈ రెండూ నా చేతిలోంచి పోకూడదు. నిండుగా ఉన్నవాటిని మళ్ళీ చూసేదేముంది? నన్ను తప్పుగా అనుకోకు. ఇరవై ఒకటిన రెండూ పంపిస్తాను, ఎవరికి కావాలో వాళ్ళకు ఇద్దువు గాని.

పదమూడున బడి తెరుస్తాం. మొదటి వారం పేర్లు రాసుకోవడం, గదులు ఊడ్చుకోవడంతోనే పోతుంది. మిషను లేకుండా నెట్టుకొస్తాను. నాలుగో తరగతి యాకమ్మ చేత తెలుగు పద్యం చదివిద్దామనుకుంటున్నాను. ఆ పిల్ల గొంతు గంటలా ఉంటుంది.

సుందర్ రావు


వరంగల్
17-6-1985, సోమవారం సాయంత్రం

మామా,

ఈ ఉత్తరం అందగానే చేతిలో ఉన్న పని వదిలేసి నెక్కొండ స్టేషను ముందు దుకాణంలో రెండు మామూలు పెన్సిల్ సెల్లు కొను. నాకిచ్చిన మాట మరిచిపో. నేనే కొనమంటున్నాను.

నికెల్ సెల్లు పెట్టెలో పెట్టినా చార్జి పోతుందట. నెల తిరిగేసరికి తగ్గుతుంది, ఎండ వేడికి ఇంకా తొందరగా పోతుంది. దూలం మీద పెట్టినవి రెండు నెలలకు ఎంత మిగిలి ఉంటాయో చెప్పలేను. కొంతసేపు పలకవచ్చు. వాటిని నమ్మొద్దు.

సారయ్య పొద్దున వచ్చాడు కానీ చెప్పడం మరిచిపోయాను. ఉత్తరం బుధవారానికల్లా అందుతుందనుకుంటున్నాను.

జయరాజు


నెక్కొండ
24-6-1985

చిరంజీవి జయరాజుకు,

నీ ఉత్తరం శుక్రవారం వచ్చింది. తనిఖీ గురువారం అయిపోయింది.

ఎలా జరిగిందో నువ్వు ఎలాగూ అడుగుతావు కాబట్టి నేనే రాస్తాను. పొద్దున డబ్బా దించి సెల్లు పెట్టుకున్నాను. అత్తమ్మ పొయ్యి ఊదుతున్న చప్పుడు వినబడింది. యాభై ఏడు రోజుల తర్వాత. ఆమెను పిలిచి ఏదైనా మాట్లాడమన్నాను. ఏం మాట్లాడాలో తోచక, "బువ్వ తిని పో" అన్నది. అంత స్పష్టంగా విన్నాను.

ఇన్‌స్పెక్టరు గారు పదిన్నరకు వచ్చారు. ఆయన వెంట కిషన్ రావు. ఒకటో తరగతి, రెండో తరగతి చూపించాను. అడిగినవాటికి అన్నిటికీ జవాబు చెప్పాను. కిషన్ రావు ముఖం చిన్నబోయింది. మూడో తరగతి దగ్గర సెల్లు ఆగిపోయింది. దగ్గుతూ బయటికి వెళ్ళి రెండోది పెట్టుకున్నాను. అది పలికింది. లోపలికి వచ్చి యాకమ్మను లేపాను. పద్యం మొదటి పాదం విన్నాను. రెండో పాదం దగ్గర అదీ ఆగిపోయింది.

మళ్ళీ బయటికి వెళ్ళలేను. వెళ్ళినా మార్చడానికి ఏముంది? ఆ పద్యం నాకు నోటికి వచ్చు కాబట్టి పిల్ల పెదవులు చూస్తూ నిలబడ్డాను. ఇన్‌స్పెక్టరు గారు వంగి ఆ పిల్లకు ఏదో చెప్పారు. ఆమె నా వైపు చూసి మళ్ళీ మొదలుపెట్టింది. చివరి పాదం దాకా పెదవులు తప్పు లేకుండా కదిలాయి. "శభాష్, గొంతు బాగుంది, కూర్చో" అన్నాను.

పిల్లలెవరూ నవ్వలేదు. అప్పుడే ఏదో జరిగిందని నాకు తెలిసింది. పిల్లలు నవ్వని బడి నేను ఎన్నడూ చూడలేదు.

సాయంత్రం యాకమ్మ ఇంటికి వచ్చి అత్తమ్మ ఒళ్ళో పడి ఏడ్చింది. అత్తమ్మ ఆమె మాట నాకు పలక మీద రాయించింది. "గొంతు తియ్యకు, ఉత్త పెదవులు కదుపు అన్నడు ఆ పెద్ద సార్. నేను కదిపిన." ఆ పిల్ల తప్పేమీ లేదని చెప్పి పంపాను. పెద్దవాళ్ళు చెప్పింది చేయాలని నేర్పింది నేనే కదా.

నువ్వు నొచ్చుకోకు. నీకు ముందు తెలియదు, తెలియగానే రాశావు. ఆ దూలం మీద పెట్టింది నేను.

సుందర్ రావు


వరంగల్
28-6-1985

మామా,

నాకు ముందు తెలియదని రాశావు. తెలుసు. ఈ మాట రాయకపోతే నేను మనిషిని కాను.

జూన్ మొదటి వారంలో మార్చిలో చార్జి చేసి పక్కన పెట్టిన ఒక సెల్లును మీటరు మీద పెట్టి చూశాను. ఖాళీ. ఇంకోటి పెట్టాను. అదీ ఖాళీ. సారంగపాణి వెనక నిలబడి ఉన్నాడు. నా చేతిలోని మీటరు చూసి తన బల్ల దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆయన ఒక తిట్టు తిట్టి ఉంటే బాగుండేది.

ఆ రోజే నీకు రాశాను. కానీ కారణం రాయలేకపోయాను. నేను తప్పు చెప్పానని నీకు రాయడానికి నా చెయ్యి రాలేదు. ఊరికే చూద్దామని రాశాను. నువ్వేమో ఎవరికో సహాయం చేయడానికి అడుగుతున్నానని అనుకున్నావు.

ఇంతకన్నా ఘోరం ఉంది. పదిహేడో తేదీ పొద్దున సారయ్య దుకాణానికి వచ్చినప్పుడు నేను మరిచిపోలేదు. రెండు మామూలు సెల్లు ఆయన చేతికిస్తే రాత్రికల్లా నీ దగ్గర ఉండేవి. అవి సారంగపాణి గల్లా పక్కనే ఉన్నాయి. చెయ్యి చాపితే అందేవి. ఆయనను అడగాలి. అడిగితే ఎవరికి, ఎందుకు అంటాడు. నెలల తరబడి ఆయనను అందరి ముందు వెక్కిరించి, ఇప్పుడు ఆ సెల్లే కావాలని అడగలేకపోయాను. సారయ్య "ఏమన్న ఇచ్చేది ఉన్నదా బిడ్డా?" అని అడిగాడు. లేదన్నాను. ఆయన వెళ్ళిపోయాడు. సాయంత్రం దాకా కూర్చుని, పోస్టులో అందుతుందని నాకు నేనే చెప్పుకుని ఉత్తరం రాశాను. ఉత్తరం మూడు రోజులు పడుతుందని నాకు తెలుసు. రైలెక్కితే గంటన్నర అనీ తెలుసు.

నీకు యాభై ఏడు రోజులు మాటలు లేకుండా చేసింది నేను. ఆ పిల్ల చేత గొంతు లేకుండా చదివించిన మనిషిని తిట్టుకుంటూ నిన్నంతా తిరిగాను. ఆయనకు ఆ అవకాశం ఇచ్చింది నేనే.

కరపత్రాలన్నీ కట్టకట్టి అటక మీద పడేశాను. పై అధికారికి అర్జీ రాస్తాను, నువ్వు సంతకం పెడితే చాలు. ఆదివారం మామూలు సెల్లు డజను తీసుకుని వస్తాను. నన్ను ఇంట్లోకి రానివ్వకపోయినా గడప దగ్గర పెట్టి పోతాను.

జయరాజు


నెక్కొండ
12-8-1985

చిరంజీవి జయరాజుకు,

నువ్వు ఆ ఆదివారం వచ్చినప్పుడు నేను వెనక పెరట్లో ఉన్నాను. వచ్చావని తెలుసు. సారయ్య సైగ చేసి చెప్పాడు. లేచి రాలేకపోయాను. అత్తమ్మ నీకు అన్నం పెట్టి పంపిందని తర్వాత తెలిసింది. నా మీద కోపం పెట్టుకున్నావేమో, నెలన్నరగా ఉత్తరం లేదు. నాకు నీ మీద కోపం లేదు. ఉంటే రాసేవాణ్ణి. లోపల ఏమీ లేదు, అదే రాయడానికి ఇన్నాళ్ళు పట్టింది.

అర్జీ వద్దు. నాకు వినబడదన్నది నిజం. నిజం మీద ఏమని సంతకం పెట్టను?

జూలై ముప్పైన ఆర్డరు వచ్చింది. తాళాలు, హాజరు పట్టీలు, సుద్దముక్కల పెట్టె అప్పగించాను. కొత్త పంతులు కుర్రవాడే. నా కాళ్ళకు దండం పెట్టాడు. మర్యాద తెలిసినవాడు.

అత్తమ్మ పోరు పడలేక మొన్న నువ్వు తెచ్చిన సెల్లు ఒకటి మిషనులో పెట్టుకుని అరుగు మీద కూర్చున్నాను. సెల్లు మంచిది. దారికి అటువైపే బడి కాబట్టి అంతా వినబడింది. మూడో తరగతివాళ్ళు ఎనిమిదో ఎక్కం చదువుతున్నారు. ఎనిమిదేడ్లు యాభై ఆరు అనాల్సింది యాభై నాలుగు అన్నారు. అందరూ ఒకే గొంతుతో అన్నారు. కొత్త పంతులు ఆపలేదు. మళ్ళీ మొదటి నుంచి చదివించాడు, మళ్ళీ యాభై నాలుగు అన్నారు. నేను లేచి నిలబడ్డాను. అరుగు దిగి దారి సగం దాకా వెళ్ళాను. అక్కడ గుర్తొచ్చింది.

తిరిగి వచ్చి కూర్చున్నాను. మూడోసారి చదువుతుండగా మిషను తీసేశాను.

ఇక సెల్లు పంపకు.

సుందర్ రావు